కొన్నది పెద్దవాడే అయినా తాగింది మైనర్ అయితే బార్ బాధ్యత ఎంతవరకు?

ప్రశ్న: నేను ఒక బార్‌లో ఫ్లోర్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. కిందటి నెల ఒక శనివారం రాత్రి పుట్టినరోజు పార్టీ అంటూ ఎనిమిది మంది కుర్రాళ్లు వచ్చి ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నారు. వారిలో పాతికేళ్ల అబ్బాయి ఒకడు అందరి తరఫునా జగ్గులతో బీరు ఆర్డర్ చేసి, బిల్లు కూడా తనే కట్టాడు. మా సప్లయర్ అతని గుర్తింపు కార్డు ఒక్కటే అడిగి చూసి, జగ్గులతో పాటు ఎనిమిది గ్లాసులు పెట్టి వచ్చాడు. ఆ గుంపులో ఒకడికి 17 ఏళ్లేనని తరువాత తెలిసింది. చూడటానికి మాత్రం ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాడిలా ఉన్నాడని సప్లయర్ అంటున్నాడు. ఆ అబ్బాయి తూలుతూ ఒంటరిగా బయటికి వెళ్లడం గేటు దగ్గరి మా మనిషి చూశాడు కానీ, వెళ్లిపోతున్నాడు కదా అని ఊరుకున్నాడు. మా మెట్ల మీదే పడి అబ్బాయికి చెయ్యి విరిగింది. ఇప్పుడు అతని తండ్రి నష్టపరిహారం అడుగుతూ లాయర్ నోటీసు పంపారు, లైసెన్సు అధికారులు విచారణకు పిలిచారు. ‘మనం అమ్మింది పెద్దవాడికి, వాడు ఎవరికి పోసుకుంటే మనకేం, గోడ మీద బోర్డు ఉండనే ఉంది’ అని మా యజమాని అంటున్నారు. నిజంగా బార్‌కు బాధ్యత లేదా? నా మీద వ్యక్తిగతంగా కేసు వస్తుందా? ఇకముందు ఏం మార్చుకోవాలి? ఆ రాత్రి ఎనిమిది మంది కార్డులూ చూశామని రాసి సంతకం పెట్టమని యజమాని నన్ను అడుగుతున్నారు, పెట్టవచ్చా?

సమాధానం: మీరు అడిగినవాటిలో తొందరగా తేల్చుకోవలసినది చివరి సంగతే కనుక దానితోనే మొదలుపెడతాను. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. ఇప్పటిదాకా ఉన్నది బార్ నిర్లక్ష్యం గురించిన ఆరోపణ. చూడని కార్డులను చూశామని మీరు రాసి ఇస్తే, దానికి మీ సొంత పేరు మీద తప్పుడు వాంగ్మూలం అనే రెండో కేసు తోడవుతుంది. మైనర్‌కు మద్యం అందిన సందర్భాల్లో, తగిన జాగ్రత్త తీసుకున్న సిబ్బందికి చాలా చట్టాలు కొంత వెసులుబాటు ఇస్తాయి. విచారణాధికారి ముందు తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవారికి అలాంటి వెసులుబాటు ఉండదు. సీసీటీవీ ఫుటేజీలో ఒకే ఒక్క కార్డు చేతులు మారడం కనిపించి, మీ కాగితంలో ఎనిమిది కార్డులు ఉంటే, ఆ తరువాత మీరు చెప్పే నిజాలకు కూడా విలువ ఉండదు.

ఇక మీ యజమాని వాదన. ‘అమ్మింది పెద్దవాడికి’ అన్నది నిజమే కావచ్చు, కానీ బార్ బాధ్యత అమ్మకంతో ముగుస్తుందనుకోవడం పొరపాటు. సీసా కొనుక్కుని బయటికి వెళ్లిపోయే దుకాణానికి, కూర్చుని తాగే బార్‌కు చట్టం చూపులో ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. దుకాణం వస్తువును అప్పగిస్తుంది, అది గుమ్మం దాటాక ఏమైందో దుకాణదారుడు చూడలేడు. బార్ మాత్రం ఆ వస్తువును తన కప్పు కింద, తన బల్ల మీద, తన గ్లాసుల్లో, తన సిబ్బంది కళ్లెదుట తాగడానికి చోటిస్తుంది. ఆ చోటు మీద అధికారం ఎవరి చేతుల్లో ఉందో, అక్కడ జరిగే తాగుడుకు జవాబు చెప్పవలసింది కూడా వారే అన్న ఆలోచన మీదనే బార్ లైసెన్సు నిలబడి ఉంటుంది.

మీరు ఏ దేశంలో పనిచేస్తున్నారో ఉత్తరంలో లేదు. చట్టాలు దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారతాయి కనుక నేను కొన్ని చట్టాలను పక్కపక్కన పెట్టి చూపిస్తాను, మీ చోట ఏది వర్తిస్తుందో లైసెన్సు షరతుల కాగితం తీసి పోల్చుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలులో ఉన్న 2003 నాటి లైసెన్సింగ్ చట్టం ఈ విషయాన్ని విడివిడి నేరాలుగా విడగొట్టింది. 18 ఏళ్లలోపు వారికి అమ్మడం 146వ సెక్షన్ కింద ఒక నేరం. అలాంటి అమ్మకం జరుగుతోందని తెలిసి ఆపకపోవడం 147వ సెక్షన్ కింద మరొక నేరం. మైనర్ తాగడానికని పెద్దవాడు కొనిపెట్టడం 149వ సెక్షన్ కింద ఆ పెద్దవాడి నేరం. వీటన్నిటికీ వేరుగా, బార్ ఆవరణలో మైనర్ మద్యం తాగుతుంటే తెలిసి ఊరుకోవడం 150వ సెక్షన్ కింద సిబ్బంది నేరం. ఈ చివరి సెక్షన్‌లో ఎవరు అమ్మారు, ఎవరు డబ్బు కట్టారు అన్న ప్రశ్నే రాదు. అంటే, మీ బార్ అక్కడ ఉండి ఉంటే ఆ పాతికేళ్ల అబ్బాయి మీద కేసు వచ్చేది. ఆ కారణంగా బార్ మీది కేసు మాత్రం పోయేది కాదు. ఒకరి తప్పు రెండోవారి తప్పును చెరిపివేయదు.

అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం ఇంకా గట్టిది. అక్కడి వ్యాపార, వృత్తుల కోడ్ 25658వ సెక్షన్ ప్రకారం, కూర్చుని తాగే లైసెన్సు ఉన్నవారు 21 ఏళ్లలోపు వ్యక్తిని తమ ఆవరణలో తాగడానికి తెలిసి అనుమతిస్తే, ఆ వ్యక్తి వయసు తమకు తెలిసినా తెలియకపోయినా నేరమే. తెలిసి ఉండవలసింది అతను తాగుతున్నాడన్న సంగతి, అతని వయసు కాదు. వయసు తెలుసుకోవడం లైసెన్సుదారుడి పని అనీ, తెలుసుకోకపోవడం అతని సాకు కాజాలదనీ దీని అర్థం. నకిలీదని తెలియకుండా, చూడటానికి సరైనదిగా ఉన్న గుర్తింపు కార్డును నిజాయతీగా నమ్మినవారికి మాత్రం అదే కోడ్‌లో రక్షణ ఉంది. అయితే కార్డు అడిగినవారికే ఆ రక్షణ, అడగనివారికి కాదు.

భారతదేశంలో ఎక్సైజ్ చట్టాలు రాష్ట్రాలవి. మద్యం అమ్మకానికి కనీస వయసు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 21 ఏళ్లయితే, ఢిల్లీలో 25. వీటి పైన 2015 నాటి బాలల న్యాయ చట్టం దేశమంతటా వర్తిస్తుంది. దాని 77వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వారికి, అర్హుడైన వైద్యుడి ఆదేశం మీద తప్ప, మద్యం ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ‘ఇప్పించినా’ అన్నది మీ యజమాని ఒకసారి నిదానంగా చదవవలసిన మాట. 19 ఏళ్ల వ్యక్తికి తెలంగాణలో మద్యం పోస్తే అది ఎక్సైజ్ చట్టపు ఉల్లంఘన అవుతుంది, 17 ఏళ్ల వాడికి పోస్తే బాలల న్యాయ చట్టం కూడా వచ్చి చేరుతుంది. రెంటి మధ్య శిక్షలో ఉన్న దూరం చాలా ఎక్కువ.

మినహాయింపులు లేకపోలేదు. ఇంగ్లండ్‌లో 16, 17 ఏళ్ల వారు పెద్దవారితో కలిసి బల్ల దగ్గర భోజనం చేస్తున్నప్పుడు, ఆ పెద్దవారు కొన్న బీరు, వైన్, సైడర్ (ఆపిల్ రసంతో చేసే మద్యం) తాగవచ్చు. అమెరికాలో విస్కాన్సిన్, టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాలు తల్లిదండ్రులు ఎదుట ఉన్నప్పుడు మైనర్ తాగడాన్ని నేరంగా చూడవు. జర్మనీలో బీరు, వైన్‌లకు 16 ఏళ్లు, స్పిరిట్స్‌కు 18 ఏళ్లు. ఈ మినహాయింపులు ఎక్కడ చూసినా ఇరుకైనవే. స్నేహితుడి పుట్టినరోజుకు వచ్చిన పాతికేళ్ల అబ్బాయి ఎవరికీ తల్లీ కాదు తండ్రీ కాదు, కనుక వీటిలో మీకు పనికివచ్చేది దాదాపు ఉండదు.

ఇప్పుడు ఆ రాత్రి మీ టేబుల్ దగ్గర జరిగినదానికి వద్దాం. మీ కేసు మొత్తంలో నన్ను ఎక్కువగా ఆపినది ఆ ఎనిమిది గ్లాసులు. జగ్గుతో ఒక్క గ్లాసే పెట్టి ఉంటే, ఆ పెద్దవాడు మిగిలినవారికి చాటుగా పోశాడని వాదించడానికి కొంత చోటు ఉండేది. ఎనిమిది గ్లాసులు పెట్టిన సప్లయర్‌కు ఎనిమిది మంది తాగబోతున్నారని తెలుసు. ఎనిమిది మంది తాగుతారని తెలిసి ఒక్కరి కార్డే చూశాడంటే, మిగిలిన ఏడుగురి వయసు గురించి ప్రశ్నే అడగలేదన్నమాట. విచారణాధికారి అడగబోయేది కూడా దాదాపు ఇదే. కళ్లెదుట ఉన్నదాన్ని అడగకుండా వదిలేసి, తరువాత ‘మాకు తెలియదు’ అనడాన్ని న్యాయస్థానాలు అమాయకత్వంగా ఒప్పుకోవడం అరుదు. కావాలని కళ్లు మూసుకున్నవాడిని తెలిసినవాడితో సమానంగానే చూసే ధోరణి చాలా దేశాల నేర న్యాయంలో ఉంది.

అబ్బాయి ఇరవై రెండేళ్ల వాడిలా కనిపించాడన్న మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. ఇంగ్లండ్ చట్టంలో అమ్మకం నేరానికి రెండు రకాల రక్షణలు ఉన్నాయి. కొనేవాడికి 18 ఏళ్లు నిండాయని అమ్మినవాడు నిజంగా నమ్మి, వయసు తెలుసుకోవడానికి సహేతుకమైన చర్యలన్నీ తీసుకుని ఉండాలి. లేదా అతన్ని చూసి 18 ఏళ్లలోపు వాడని ఎవరూ సహేతుకంగా అనుమానించలేనట్టు ఉండాలి. మొదటి రక్షణ కార్డు అడిగినవారికి దొరుకుతుంది. రెండోది దొరకడం కష్టం, ఎందుకంటే పదిహేడేళ్ల వాడిని చూసి ‘ఎవరూ అనుమానించలేరు’ అనడం ‘నాకు అనుమానం రాలేదు’ అనడం కంటే చాలా పెద్ద మాట. అందుకే అక్కడి బార్‌లలో, చట్టం చెప్పే వయసు 18 అయినా, పాతికేళ్లలోపు వాడిలా కనిపించిన ప్రతివారినీ కార్డు అడిగే పద్ధతి వాడుకలోకి వచ్చింది. చూపు పొరపాటు పడుతుందని ముందే ఒప్పుకుని, ఆ పొరపాటుకు ఏడేళ్ల జాగా వదిలిన పద్ధతి అది. మీ సప్లయర్ అంచనా వేసిన ఇరవై రెండు, ఇరవై మూడు కూడా ఆ గీతకు లోపలే ఉన్నాయని గమనించండి.

గోడ మీది బోర్డు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. చాలాచోట్ల అది లైసెన్సు షరతుల్లో ఒకటి, లేకపోతే జరిమానా, ఉన్నంత మాత్రాన రక్షణ కాదు. ‘మైనర్లకు మద్యం ఇవ్వబడదు’ అన్న బోర్డు కిందనే మైనర్ మద్యం తాగితే, నిబంధన మీకు తెలిసే ఉందని ఆ బోర్డే సాక్ష్యం చెబుతుంది.

మీ వ్యక్తిగత బాధ్యత గురించి మీరు భయపడుతున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. ఆ భయం నిరాధారం కాదు, అయితే మీరు అనుకుంటున్నంత పెద్దదీ కాకపోవచ్చు. పైన చెప్పిన ఇంగ్లండ్ 150వ సెక్షన్, జీతం ఉన్నా లేకపోయినా, ఆ తాగుడును ఆపగల అధికారం ఉన్న హోదాలో పనిచేస్తున్న ఎవరికైనా వర్తిస్తుంది. ఫ్లోర్ మేనేజర్‌కు ఆ అధికారం ఉన్నట్టే లెక్క. అయితే అక్కడ మీకు ఆ సంగతి తెలిసి ఊరుకున్నారని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఆ రాత్రి మీరు ఏ వైపు ఉన్నారు, ఆ టేబుల్ మీకు కనిపించిందా, సప్లయర్ మీతో ఏమైనా అన్నాడా అన్నవే మీ విషయంలో అసలు ప్రశ్నలు. యజమాని పరిస్థితి వేరు. ఉద్యోగి తన పనిలో భాగంగా చేసిన తప్పుకు యజమాని పరోక్షంగా బాధ్యుడన్న సూత్రం నష్టపరిహారం దావాల్లో ఎప్పటినుంచో ఉంది, లైసెన్సు విషయంలోనూ జవాబుదారు లైసెన్సుదారుడే. ఆ రాత్రి తాను బార్‌లో లేనన్న మాట ఆయనకు పెద్దగా ఉపయోగపడదు.

యజమానికి ఉపయోగపడేది శిక్షణ రికార్డు. టెక్సస్ మద్యం కోడ్ ఈ విషయంలో మంచి ఉదాహరణ. సిబ్బంది గుర్తింపు పొందిన శిక్షణకు హాజరు కావాలని యజమాని నిబంధన పెట్టి, ఆ ఉద్యోగి నిజంగా హాజరై, చట్టాన్ని ఉల్లంఘించమని యజమాని నేరుగా గానీ చాటుగా గానీ ప్రోత్సహించకుండా ఉంటే, ఉద్యోగి చేసిన తప్పును యజమానికి అంటగట్టరు. మూడో షరతును చూడండి. రద్దీ వేళల్లో ‘కార్డులంటూ కూర్చుంటే టేబుళ్లు ఖాళీ అవ్వవు’ అని యజమాని సిబ్బందిని కసురుకునే బార్‌లో, గోడకు ఎన్ని శిక్షణ సర్టిఫికెట్లు తగిలించినా ఆ రక్షణ నిలవదు. మీ బార్‌లో అలాంటి మాటలు నడిచాయో లేదో మీకే తెలుసు.

ఈ వ్యవహారం మూడు చోట్ల వేర్వేరుగా నడుస్తుందని గుర్తుపెట్టుకోవాలి: నేర విచారణ, లైసెన్సు విచారణ, నష్టపరిహారం దావా. ఒకచోట బయటపడ్డంత మాత్రాన మిగిలిన రెండుచోట్ల బయటపడినట్టు కాదు, ఎందుకంటే నేరం రుజువు కావడానికి సందేహానికి తావులేని సాక్ష్యం కావాలి, మిగిలిన రెండింటికీ అంతకంటే తక్కువ చాలు. బార్‌కు ఎక్కువ నష్టం చేసేది సాధారణంగా లైసెన్సు విచారణే. జరిమానా ఒకసారి కట్టి మరిచిపోవచ్చు, మూతపడిన బార్‌కు మాత్రం రోజూ అద్దె, జీతాలు కట్టాలి. ఇంగ్లండ్‌లో మూడు నెలల వ్యవధిలో రెండుసార్లు మైనర్లకు అమ్మినట్టు తేలితే, అది లైసెన్సుదారుడి మీద ప్రత్యేక నేరమవుతుంది. దానికి ప్రాసిక్యూషన్‌కు బదులుగా 48 గంటల నుంచి 336 గంటల దాకా, అంటే రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా, మద్యం అమ్మకం ఆపివేసేలా నోటీసు ఇవ్వవచ్చు. మీది మొదటి ఘటన అయితే విచారణాధికారి చూసేది ఆ రాత్రి ఒక్కటే కాదు, ఆ మర్నాటి నుంచి మీరు ఏం మార్చారన్నది కూడా.

నష్టపరిహారం విషయంలో తండ్రి దావాకు రెండు కాళ్లున్నాయి. మైనర్‌కు మద్యం అందనివ్వడం మొదటిది, తూలుతున్నవాడిని ఒంటరిగా వెళ్లనివ్వడం రెండోది. మొదటిదాని మీద అమెరికా కోర్టులు చాలాకాలంగా తీర్పులిస్తున్నాయి. మద్యం పోసినవారి తప్పు కంటే తాగినవారి తప్పే నష్టానికి కారణమని చూసే పాత సూత్రాన్ని పక్కన పెట్టి, 1959లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు, మైనర్‌కు మద్యం పోసిన బార్‌ల మీద, ఆ మైనర్ కారు ప్రమాదంలో చనిపోయిన వేరొకరి కుటుంబం దావా నడపవచ్చని చెప్పింది. అన్ని రాష్ట్రాలూ ఒకేలా లేవు. కాలిఫోర్నియాలో ఈ పౌర బాధ్యత, మత్తులో ఉన్నట్టు స్పష్టంగా కనిపిస్తున్న మైనర్‌కు పోసినప్పటికే పరిమితం. కనుక తండ్రి తరఫు లాయర్ ఏ చట్టం కింద నోటీసు పంపారో ముందు చూడాలి.

రెండోది నాకు మొదటిదానికంటే బరువైనదిగా కనిపిస్తోంది. 1973లో కెనడా సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో, బాగా తాగి ఉన్న ఒక వ్యక్తిని హోటల్ సిబ్బంది రాత్రివేళ బయటికి పంపేశారు. రోడ్డు వెంబడి నడుస్తున్న అతన్ని కారు ఢీకొట్టింది. అతను మైనర్ కాదు, పెద్దవాడే. అయినా తాము పోసిన మద్యంతోనే తన సంగతి తాను చూసుకోలేని స్థితికి వచ్చినవాడిని ప్రమాదంలోకి నెట్టకుండా చూసే బాధ్యత హోటల్‌కు ఉందని కోర్టు తేల్చింది. నష్టాన్ని హోటల్, కారు నడిపిన వ్యక్తి, తాగిన వ్యక్తి మూడు సమాన వంతులుగా భరించాలన్న కింది కోర్టు తీర్పు నిలిచింది. పెద్దవాడి విషయంలోనే ఇలా అయితే, పదిహేడేళ్ల వాడి విషయంలో గేటు దగ్గరి మీ మనిషి ‘వెళ్లిపోతున్నాడు కదా’ అనుకోవడం ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి. బయటికి వెళ్లిపోతే మన సమస్య కాదన్నది బార్ సిబ్బందిలో బాగా పాతుకుపోయిన నమ్మకం. మీ సంగతిలో ఆ అబ్బాయి పడింది కూడా మీ మెట్ల మీదే, కాబట్టి ఆ నమ్మకానికి ఆ సాకు కూడా లేదు. అయితే ఆ కెనడా తీర్పులోనే మీకు పనికివచ్చే అంశమూ ఉంది: బాధ్యతను పంచవచ్చు. అబ్బాయి తనకు తానుగా తాగడం, స్నేహితుడు పోయడం, మెట్ల దగ్గర వెలుతురు, పట్టుకుని దిగే కడ్డీ సరిగా ఉండటం వంటివి రుజువైతే బార్ వంతు తగ్గవచ్చు.

వైద్యపరంగా ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇది చట్టం కంటే ముందు వచ్చే సంగతి. చివరి గుక్క తాగిన తరువాత కూడా కడుపులోని మద్యం రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది కనుక, బయటికి వెళ్లేటప్పుడు తూలుతున్నవాడు కాసేపటికి ఇంకా బలహీనపడవచ్చు. మైనర్ మత్తులో ఉన్నాడని తెలిసినప్పుడు అతన్ని కూర్చోబెట్టి, ఎవరో ఒకరు పక్కనే ఉండి, ఇంటివారిని పిలిపించి అప్పగించాలి. పిలిస్తే పలకకపోయినా, వాంతి చేసుకుంటూ మగతలోకి జారిపోతున్నా, శ్వాస నెమ్మదించినా అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోగా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కాఫీ పట్టించడం, చన్నీళ్లు పోయడం వల్ల రక్తంలోని మద్యం తగ్గదు. కేసు అవుతుందన్న భయంతో చాటుగా పంపేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని.

ఈ వారంలోనే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. సీసీటీవీ రికార్డర్లు కొన్ని రోజులకో వారాలకో పాత దృశ్యాల మీద కొత్తవాటిని రాసుకుంటూ పోతాయి. ఆ రాత్రి ఫుటేజీ ఇంకా ఉందో లేదో నేడే చూసి, టేబుల్, గేటు, మెట్లు మూడింటినీ కాపీ చేయించి పెట్టండి. మీకు అనుకూలంగా లేకపోయినా చెరపకండి. నోటీసు అందాక సాక్ష్యం మాయమైతే, అందులో మీకు వ్యతిరేకమైనదే ఉందని కోర్టు అనుకోవచ్చు. ఆ టేబుల్ ఆర్డర్ స్లిప్పులు, బిల్లు, ఆ రాత్రి డ్యూటీ పట్టిక కలిపి పెట్టండి. బీమా కంపెనీకి వెంటనే తెలియజేయమని యజమానికి చెప్పండి, ఆలస్యం చేస్తే ఆ ఒక్క కారణం మీదనే క్లెయిము తిరస్కరించే వీలుంటుంది. పాలసీ కూడా చదవాలి. సాధారణ వ్యాపార బాధ్యత పాలసీలు మద్యం అమ్మేవారికి మద్యం వల్ల వచ్చే క్లెయిములను తరచుగా మినహాయిస్తాయి, దానికి విడిగా మద్యం బాధ్యత పాలసీ తీసుకుని ఉండాలి. తండ్రికి మీరుగా ఫోన్ చేసి క్షమాపణలు, బేరాలు మొదలుపెట్టకండి, లాయర్ ద్వారానే జవాబు వెళ్లనివ్వండి.

ఆ లాయర్ బార్ లాయర్ అయితే, ఆయన కాపాడేది బార్‌ను. తప్పు మేనేజర్‌దనో, సప్లయర్‌దనో చెప్పడం వల్ల బార్‌కు లాభం ఉన్న రోజున ఆయన మీవైపు నిలబడలేరు. మీ చేత సంతకం పెట్టించాలని చూస్తున్న యజమానితో మీ ప్రయోజనం ఇప్పటికే వేరుపడింది కనుక, మీకు విడిగా ఒక లాయర్ ఉండటం మంచిది. సంతకం చేయని కారణాన్ని యజమానికి రెండు వాక్యాల్లో రాతపూర్వకంగా ఇవ్వండి: ‘నేను చూడని విషయాన్ని చూశానని రాయలేను. నేను చూసినదాన్ని రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.’ అంతకంటే ఎక్కువ వాదన అక్కరలేదు.

మార్పుల విషయంలో నేను చెప్పగలిగిన ముఖ్యమైన నియమం ఒకటే: గ్లాసుకో కార్డు. ఆర్డర్ ఎవరిచ్చినా, డబ్బు ఎవరు కట్టినా, గ్లాసు పెట్టే ముందు ఆ గ్లాసు ముందు కూర్చున్నవారి కార్డు చూడాలి. జగ్గులు, సీసాలు టేబుల్‌కు ఇచ్చే బార్‌లలో ఇది మరీ అవసరం, ఎందుకంటే అక్కడ పోసేది మీ సప్లయర్ కాదు. మద్యం వద్దన్నవారికి వేరే ఆకారపు గ్లాసు ఇస్తే, బీరు ఏ గ్లాసులో ఉందో దూరం నుంచే తెలిసిపోతుంది. కార్డు చూడటమంటే తళుక్కున చూసి ఇచ్చేయడం కాదు. పుట్టిన తేదీ నుంచి వయసు లెక్కకట్టాలి, ఫొటోను ముఖంతో పోల్చాలి, అంచులు వేలితో తడిమి పొర లేచిందేమో చూడాలి, అనుమానం వస్తే పుట్టినతేదీ నోటితో చెప్పమనాలి. ఒకరి కార్డునే చాటుగా వెనుకవాడికి అందించడం గుంపుల్లో ఎక్కువగా జరుగుతుంది కనుక అందరి కార్డులూ ఒకేసారి బల్ల మీద పెట్టించి చూడటం మేలు. ఫోన్‌లోని ఫొటోను కార్డుగా ఒప్పుకోకండి.

నిరాకరించిన ప్రతిసారీ తేదీ, వేళ, కారణం ఒక రిజిస్టరులో రాయించండి. చాలా బార్‌లు దీన్ని పనికిమాలిన గుమాస్తా పని అనుకుంటాయి కానీ, మీ మాటను బలపరిచే సాక్ష్యం విచారణ రోజున ఇంతకంటే మంచిది దొరకదు. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఎవరినీ నిరాకరించని రిజిస్టరు మాత్రం అనుమానాన్నే పెంచుతుంది.

సప్లయర్‌ను తొలగించాలని యజమాని అనుకుంటున్నారేమో మీ ఉత్తరంలో లేదు, కానీ ఇలాంటి సందర్భాల్లో మొదట తోచేది అదే. అతనికి ఏ తేదీన, ఏమని శిక్షణ ఇచ్చారో చూపగలిగితే తప్ప ఆ తొలగింపు వల్ల బార్‌కు ఒరిగేదేమీ ఉండదు. పైగా ఆర్డర్ ఇచ్చినవారి కార్డు మాత్రమే చూడటం అక్కడి వాడుక అని రేపు సాక్ష్యం చెప్పడానికి అతనికి అడ్డేమీ ఉండదు. విచారణలో శిక్షణ గురించి మిమ్మల్ని అడిగితే, ఇచ్చి ఉంటే తేదీ చెప్పండి, ఇవ్వకపోతే ఇవ్వలేదనే చెప్పి, ఆ తరువాత ఎప్పటి నుంచి మొదలుపెట్టారో ఆ కాగితం చూపించండి.